మొహం మీదే కాదనే లోవెల్

"మంచి కబురైతే ఫోన్‌లో చెప్తావు, చెడ్డ కబురైతే కారు తీస్తావు. మన పెట్రోలంతా ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఏడిపించడానికే సరిపోతోంది," అని నెడ్రా మొగుణ్ణి దెప్పేది. ఆ మొగుడు లోవెల్ కెర్న్స్, దక్షిణ ఇండియానాలో ఒక మోస్తరు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి సహాయ కోచ్. హైస్కూలు జిమ్ములు తిరిగి, కాలేజీకి పనికొచ్చే కుర్రాళ్లను ఏరడం ఆయన పని.

ఆ వృత్తిలో ఒక పాడు ఆచారం ఉంది. కుర్రాడు నచ్చితే ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. నచ్చకపోతే ఫోన్లు ఆగిపోతాయి. కాదని మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు. మోగని ఫోన్ వంక చూసి చూసి కుర్రాడే అర్థం చేసుకోవాలి. పెళ్లిచూపులకొచ్చి, ఫలహారం తిని, ఆనక కబురే పెట్టని పెద్దమనుషులకీ వీళ్లకీ తేడా ఏముంది? లోవెల్‌కి ఈ పద్ధతంటే ఒళ్లు మంట. కాదనాల్సి వస్తే ఇంటికెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పేవాడు.

ఆ ఫిబ్రవరిలో జట్టుకి ఒక వింగ్ కావలసి వచ్చాడు. వింగ్ అంటే మాటలు కాదు. అంచుల్లోంచి గురి చూసి బంతి వెయ్యాలి, అవతలి జట్టులో చురుకైనవాణ్ణి దాటనివ్వకుండా కాపలా కాయాలి. ఉన్నది ఒక్క స్కాలర్‌షిప్పు, చూపులో ఉన్నది ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లలో ఒకడు టోబిన్ ఎకర్లీ.

శనివారం మధ్యాహ్నం టోబిన్ ఆట చూడడానికి లోవెల్ వెళ్లాడు. ఊళ్లో జనం కంటే జిమ్ములో బల్లలే ఎక్కువ, అయినా కూర్చోడానికి చోటు లేదు. కుర్రాడు బంతి అందేలోపే కాళ్లు సర్దుకుంటున్నాడు. మూలనుంచి వేస్తే తొందర లేదు, తొణుకు లేదు. తన గురి తప్పితే నుదురు కొట్టుకోకుండా అప్పుడే వెనక్కి పరుగెడుతున్నాడు. జట్టువాడు అడగకముందే బంతి వాడి చేతిలో పెడుతున్నాడు. లోవెల్‌కి ప్రాణం లేచొచ్చింది. కానీ రెండో సగంలో అవతలివాళ్ల పొట్టి కుర్రాడొకడు టోబిన్‌ని పట్టుకుని ఆడించాడు. వాడు పక్కకి తిరిగేసరికి టోబిన్ కాళ్లు ఒక్క క్షణం ఆలస్యం. ఒకసారి కాదు, ప్రతిసారీ. ఈ ఒక్క విషయంలో రెండో కుర్రాడే మెరుగు. లోవెల్ అబద్ధం ఆడలేడు, తనతో తను కూడా.

బయటికొచ్చి పెద్ద కోచ్ కర్టిస్‌కి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయితే ఆ రెండోవాడికే ఇద్దాం," అన్నాడు కర్టిస్. "వాడు పదిహేను రోజుల్లో తేలుస్తాడు. ఈలోగా టోబిన్‌కి కాదని చెప్పకండి, అవుననీ చెప్పకండి. దించకుండా సన్నసెగన ఉంచండి. మీ చాదస్తం మీ ఇంట్లో పెట్టుకోండి లోవెల్."

ఆ సాయంత్రం టోబిన్ వాళ్లింట్లో భోజనం. వాళ్లమ్మ మార్లా స్కూలు బస్సు నడుపుతుంది. బంగాళాదుంప ముద్ద మీద కోడిమాంసం, నూడుల్స్ గరిటెలతో కుమ్మరించింది.

"తినండి కోచ్ గారూ, మొహమాటపడకండి. మీకంటే మా పిల్లి ఎక్కువ తింటుంది."

టోబిన్ పళ్లెంలోది కెలుకుతూ, "నది అవతలి చిన్న కాలేజీ వాళ్లు చోటిస్తామన్నారు సార్. రేపటికల్లా చెప్పకపోతే ఇంకొకడికి ఇచ్చేస్తారట. నేను మీ మాట కోసం ఆగాను," అన్నాడు.

లోవెల్‌కి కర్టిస్ మాట గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ పదిహేను రోజుల తర్వాత ఈ పిల్లాడు రెంటికీ చెడ్డ రేవడ అవుతాడు. ఆయన చెంచా కింద పెట్టాడు.

"నాయనా, మా దగ్గర నువ్వు రెండోవాడివి. మొదటివాడు కాదంటేనే నీకు. అది నమ్ముకుని చేతిలో ఉన్నది వదులుకోకు."

మార్లా కళ్లు తుడుచుకుంది.

"నాలో ఏం తక్కువైంది సార్?"

"పక్కకి కదలడంలో నీ కాళ్లు ఆలస్యం. మిగతాదంతా బంగారం."

కుర్రాడు తలూపి, పక్క గదిలోకెళ్లి ఆ చిన్న కాలేజీకి ఫోన్ చేశాడు. "వస్తాను సార్," అనడం వీళ్లకి వినిపించింది.

పదిహేను రోజులకి ఆ మొదటివాడు వేరే కాలేజీకి పోయాడు. కర్టిస్ ఉరుముతూ వచ్చి టోబిన్‌ని పిలవమన్నాడు. జరిగింది విని, వచ్చే ఏడాది నుంచి కుర్రాళ్లను చూడ్డానికి మీరు వెళ్లనక్కర్లేదన్నాడు. దానికి లోవెల్ పెద్దగా బాధపడలేదు. తన నిజాయితీ పిల్లాడి నోటికాడ కూడు తీసేసిందన్న దిగులు మాత్రం ఆయన్ని తినేసింది. ఆ మధ్యాహ్నమే కారు తీసి టోబిన్ ఇంటికి వెళ్లాడు.

టోబిన్ వాకిట్లో ఒంటరిగా బంతి కొడుతున్నాడు.

"నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే, ఆ చోటు ఇవాళ నీది," అన్నాడు లోవెల్. "నా నోటితోనే చెప్పాలని వచ్చాను."

టోబిన్ బంతిని చంకలో పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది.

"అది దక్కి ఉంటే బాగుండేది సార్. అబద్ధమెందుకు," అన్నాడు. "కానీ నది అవతలి కాలేజీవాళ్లని అడిగాను. వాళ్లకి నేనే మొదటివాణ్ణట. అమ్మ బస్సెక్కిన ప్రతివాడికీ చెప్తోంది." "మీకు నేను ఎన్నోవాణ్ణి సార్? కాలేజీకి కాదు, మీకు," అన్నాడు.

"ఆటకి రెండోవాడివే," అన్నాడు లోవెల్. "నాకు మటుకు మొదటివాడివిరా."

కుర్రాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. లోవెల్ కోటు విప్పి కారు మీద పడేసి, వాడి చంకలోంచి బంతి లాక్కున్నాడు.

"ఏదీ, నన్ను దాటనివ్వకుండా ఆపు చూద్దాం," అన్నాడు.