పెద్దాయన చేలో మోటారు

తల్లాడ నుంచి వచ్చి మా అడవి అంచున మిరప వేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే పని మా గూడెం పిల్లలకు నేర్పించడానికి తన పత్తి గోదాము ఇచ్చి, మాస్టారును కూడా పెట్టారు. ఎవరు నేర్చుకున్నా మొదట విప్పి చుట్టాల్సింది మాత్రం ఆయన చేలో మోటారే. అది బాగా నడుస్తున్నా సరే, విప్పించేవారు.

"తప్పు పోతే నా చేన్లనే పోవాలె. లేనోడి మోటారు మీద నేర్చుకుంటరా?" అనేవారు.

నా వంతు వచ్చేసరికి మిరప పూత మీద ఉంది. నేను తీగ కొసలు తారుమారుగా కలిపాను. స్విచ్ వేయగానే మోటారు కాలిపోయింది. భయపడి ఇంటికి పారిపోయాను.

రెండో రోజు ఆయనే మా వాకిట్లోకి వచ్చారు. అమ్మ చేతులు జోడించింది. "తెల్వక చేసింది పెద్దయ్యా."

ఆయన నా వైపు తిరిగారు. "పొగ ఏ పక్క నుంచి లేచింది, చూసినవా బిడ్డా?"

"ఎడమ పక్క నుంచి."

"అవ్. అది చూసినవంటే నీకు పని వస్తది. పా, మళ్లా చుట్టు. చేను ఎండుతాంది."

ఆయన మాస్టారుతో చుట్టించుకోవచ్చు, ఖమ్మం నుంచి మెకానిక్‌నైనా పిలిపించుకోవచ్చు. రెండూ చేయలేదు. నా కోసం రెండు రోజులు పూత రాలనిచ్చారు.

ఇప్పుడు ఆయన లేరు. పర్ణశాల దారిలో నాకు సొంత షాపుంది. మొన్న నా దగ్గర నేర్చుకునే అమ్మాయి మా బోరు మోటారు కాల్చేసి తల దించుకుని నిలబడింది. నాకు కోపం గొంతుదాకా వచ్చింది. నోరు తెరిస్తే మాత్రం, "పొగ ఏ పక్క నుంచి లేచింది?" అన్నాను.