చదవకుండా కాల్చిన పుస్తకం

పోస్టు చేరేసరికి మధ్యాహ్నం మూడు. మంచు ఇంకా పడలేదు, గాలి మాత్రం చెవులు కోస్తోంది. ఉత్తర సరిహద్దు కొండలు. చెట్టన్నది మొలవని ఎత్తు. రాళ్ళ గోడలు, పైన రేకులు, రేకుల మీద ఇసుక బస్తాలు. అదే బంకరు.

నా వెంట ఒక కంచరగాడిద. మిలిటరీలో దాన్ని ఖచ్చర్ అంటారు, నన్ను ఖచ్చర్ డ్రైవర్ అంటారు. దాని వీపున ఒక పక్క కిరసనాయిలు డబ్బాలు, రెండో పక్క చెక్కపెట్టె. పెట్టె మీద ఏదో రాసి ఉంది. తెలుగని పోల్చుకున్నాను, అంతే. చదవడం నాకు రాదు. అప్పటికి ముప్పై దాటాయి. జగ్గయ్యపేట పక్కన పల్లెలో సున్నపురాయి బండ్లు తోలిన ఇల్లు మాది. పశువుల్ని పట్టగలవా అని అడిగి తీసుకున్నారు, చదువు గురించి అడగలేదు.

ఆ పెట్టె బరువుకి ఖచ్చర్ దారిలో రెండుసార్లు మోకాళ్ళ మీద పడింది. ఒకసారి లోయ అంచునే. ఇంత బరువుందంటే తుపాకీ గుండ్లేమో అనుకున్నాను.

పోస్టు హవల్దారు గుంటూరు మనిషి. ఎవర్నీ పేరు పెట్టి పిలవడు, ఊరు పెట్టి పిలుస్తాడు.

"ఏంట్రా పేటా, ఇంత ఆయాసపడుతోంది నీ గుర్రం? ఏం తెచ్చావ్?"

వైర్‌లెస్ ఆపరేటర్ది ఖమ్మం పక్క. మూత మీద రాత చదివి పగలబడి నవ్వాడు.

"మీ నందిగామోళ్ళే పంపిండ్రన్నా. వీర జవాన్లకు పుస్తక కానుక అట."

మూత తీశాం. పైన పదో తరగతి గైడ్లు, సగం చించినవి. వాటి కింద పాత పంచాంగాలు. గడిచిపోయిన ఏళ్ళవి! అయిపోయిన ఏడాదిలో ముహూర్తాలు పెట్టుకుని మేం ఎవర్ని పెళ్ళాడాలి? ట్రాక్టరు మరమ్మతుల పుస్తకం. పశువుల రోగాల పుస్తకం. గర్భిణీ స్త్రీల జాగ్రత్తలు. వంటలు. పొలం గట్టు తగాదాల చట్టం. అట్ట ఊడిన డిటెక్టివ్ నవల. ఎవరో ఓడ మీద దేశాలు తిరిగొచ్చి రాసుకున్న పుస్తకం. చెదలు తిన్న స్తోత్రాలు. ఇంట్లో అడ్డమై, పాతసామాన్ల వాడు కూడా వద్దన్నవి మా వీరత్వానికి కానుకయ్యాయి. ఆ చెత్తని మోస్తూ నా ఖచ్చర్ లోయలో పడి చచ్చేదే. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మర్నాడు ఉదయం ఆరింటికి కిందికి దిగమని నాకు ఆర్డరు. తెల్లారేసరికి దారి లేదు. మంచు. రేడియోలో కొత్త ఆర్డరు వచ్చింది: ఖచ్చర్‌తో సహా పోస్టులోనే ఉండిపో.

ఆ చలికాలమంతా ఉన్నాను.

బంకరులో వెచ్చదనానికి బుఖారీ ఉండేది. రేకు పొయ్యి. కిరసనాయిలు బొట్టు బొట్టుగా లోపలికి దిగుతుంది, వెలుగుతున్న కాగితం వేస్తే అంటుకుంటుంది. పొద్దున్నే అంటించాలి, లేకపోతే వేళ్ళు వంగవు. పాత పేపర్లు అయిపోయాయి. వంటవాడు పెట్టెలో చెయ్యి పెట్టి దొరికిన పుస్తకం పట్టుకు చించబోయాడు. ఆపరేటర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చదవకుండ ఎట్ల కాలుస్తవే?"

"చదివితే వేడెక్కుద్దా?"

ఇద్దరూ కలబడేదాకా వచ్చింది. హవల్దారు కంబళిలోంచి తల బయటపెట్టి తీర్పు చెప్పాడు.

"చదివినవే కాల్చండి. చదవనిది పొయ్యిలో పడిందా, వేసినవాడికి వారం రోజులు మంచు తవ్వే డ్యూటీ. ఇక నోళ్ళు మూయండి, చలి లోపలికొస్తోంది."

అదీ మా పోస్టు చట్టం. అలా మొదలైంది నా చదువు.

గైడ్లు, పంచాంగాలు ముందు పోయాయి. వాటిని ఆపరేటర్ ఒక్కడే గబగబా తిరగేసి పొయ్యికి పంపాడు. తర్వాతవి పైకి చదివాడు. మధ్యాహ్నం డ్యూటీ మారాక అందరం పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. గోంగూర పచ్చడి పేజీ చదువుతుంటే డబ్బా కూర తింటున్న హవల్దారు పళ్ళెం కింద పెట్టి, "ఆపరా దరిద్రుడా, లేకపోతే తెచ్చి పెట్టు" అన్నాడు. శ్రీకాకుళం సెంట్రీ భార్య నీళ్ళోసుకుని ఉంది. గర్భిణీల పుస్తకం అతను కాల్చనివ్వలేదు. "ఐదో నెల మళ్ళీ చదువన్నా" అని రోజూ అడిగేవాడు. డిటెక్టివ్ నవల మా కిందున్న పోస్టు దాకా పాకింది. సాయంత్రం రేడియోలో వాళ్ళ ఆపరేటర్ అడిగేవాడు.

"మీ వాతావరణం తర్వాత చెప్దువుగాని. డ్రైవరే చంపాడా? ఓవర్."

"డ్రైవర్ కూడ సచ్చిండు. ఓవర్."

పశువుల రోగాల పుస్తకం నాకోసం రెండుసార్లు చదివించుకున్నాను. నా చేతులకి తెలిసిన సంగతులు అచ్చులో ఉన్నాయి. అప్పుడు రోషం వచ్చింది. నాకు తెలిసినవే నాకు ఇంకొకడు చదివి చెప్పాలా?

"అక్షరాలు నేర్పరా" అన్నాను ఆపరేటర్‌తో.

"నేర్పుతనన్నా. కని ఒక షరతు. ఇదిగో, ఇది నీది." అట్ట లేని, మొదటి పేజీలు లేని లావు పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు. "ఇది నేను చదివి చెప్ప. దీన్ల ఏముందో నాకూ తెల్వది. ఎప్పటికైనా నువ్వే చదివి మాకు చెప్పాలె."

అది నా తలకాడ పెట్టుకున్నాను. స్తోత్రాల పుస్తకం మీద అఆలు దిద్దాను. గ్లౌజు తీస్తే వేలు కొంకర్లు పోయేది, తీయకపోతే వరుస తెలిసేది కాదు. తీసే నేర్చుకున్నాను. వత్తుల దగ్గర చాలా తిట్లు తిన్నాను. హవల్దారు రోజూ, "పేటా, నీ పుస్తకం ఎప్పుడు మొదలెడతావ్? పొయ్యి అడుగుతోంది" అనేవాడు. పెట్టె ఖాళీ అయిపోతోంది. చదవనిది కాబట్టి నాది మాత్రం బతికే ఉంది. నాకు వత్తులు వచ్చేశాయి. మర్నాడే మొదలుపెడతానని అందరికీ చెప్పాను. వంటవాడు ఆ రోజుకి దాచిన పాలడబ్బా తీస్తానన్నాడు.

ఆ మర్నాడు ఆకాశం తేటపడింది. పెద్ద అధికారి తనిఖీకని హెలికాప్టర్‌లో దిగాడు. నేను మంచు తవ్వుతూ ఖచ్చర్ కొట్టం దగ్గరున్నాను. హవల్దారు కంచె చూపించడానికి బయటికి పోయాడు. బుఖారీ ఆరి ఉంది. అధికారికి వేడి టీ కావాలి, వెంటనే కావాలి. ఆయన వెంట వచ్చిన మనిషి నా తలకాడ ఉన్నది తీశాడు.

ఆపరేటర్ అడ్డం పడ్డాడు. "సార్, అది ఇంకా చదవలేదు."

"ఎవరు చదవాలి?"

"ఖచ్చర్ డ్రైవర్, సార్."

అధికారి నవ్వాడట. ఆ నవ్వు నేను వినలేదు. ఆపరేటర్ చెప్పలేక చెప్పాడు. నాలుగు పేజీలు చించి అంటిస్తే సరిపోయేది. మొత్తం పుస్తకాన్ని ఎత్తి లోపల పడేశారు. టీ తాగి వెళ్ళిపోయారు. మా చట్టం ప్రకారం వారం రోజులు మంచు తవ్వాల్సింది ఆయన. ఎవరు తవ్విస్తారు?

నేను వచ్చేసరికి పొయ్యి చల్లారింది. మూత తీశాను. బూడిదలో రెండు మాటలు మిగిలి ఉన్నాయి. చదివాను.

ఉప్పు లేక.

అంతే. ఆ తర్వాత ఏముందో లేదు.

ఎండలు రాగానే కిందికి దిగాను, సెలవు మీద ఇంటికొచ్చాను. రెండో రోజే బస్సెక్కి నందిగామ వెళ్ళాను. పెట్టె పంపిన సంఘం కార్యదర్శికి బట్టల కొట్టు. నన్ను చూసి చేతులు జోడించాడు. శాలువా తెమ్మని లోపలికి కేకేశాడు.

"శాలువా వద్దండీ. ఒక పుస్తకం పేరు కావాలి. అట్ట లేదు, లావుగా ఉంటుంది. లోపల ఎక్కడో ఉప్పు లేక అని ఉంటుంది."

"అవన్నీ ఇంటింటికీ తిరిగి పోగుచేసినవండీ. ఏది ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది?"

"మీరు చూడలేదా?"

"అటక మీదవి దించి కట్టలు కట్టాం. అన్నీ ఎవరు చదువుతారండీ? అయినా మీ వాళ్ళకి పొయ్యిలోకైనా పనికొచ్చుంటాయి కదా."

నవ్వాడు. ఈ నవ్వు మాత్రం విన్నాను.

"మేం చలికి చస్తూ కూడా చదవకుండా కాల్చలేదయ్యా! నువ్వు చదవకుండానే పంపావ్. శాలువా నువ్వే కప్పుకో" అన్నాను. కొట్లో బేరమాడుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. వచ్చేశాను.

నౌకరీ అయిపోయాక జగ్గయ్యపేటలోనే ఉంటున్నాను. సిమెంటు లారీల దుమ్ములో రోజూ నడిచి లైబ్రరీకి పోతాను. మొదటిరోజు అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"తాతగారూ, భక్తి పుస్తకాలు ఆ చివరి బీరువాలో ఉన్నాయండీ."

"నేనడిగానా?"

"మీ వయసు వాళ్ళందరూ అవే అడుగుతారండీ."

"చదివేది నా వయసు కాదమ్మా, నేను."

"అయితే ఎలాంటివి కావాలండీ? నవలలా? చరిత్రా? వైద్యమా?"

"అది తెలిస్తే నాకు ఇంత తిప్పలెందుకు? అన్నీ కావాలి."

ఆలోచించండి మరి. ఉప్పు లేక అన్న మాట ఎందులో ఉండకూడదు? వంటల్లో వెతికాను. రక్తపోటు గురించి డాక్టర్లు రాసినవాటిలో వెతికాను. తెల్లవాడు ఉప్పు మీద పన్నేసిన చరిత్ర చదివాను, వెతకడం మర్చిపోయి చివరిదాకా చదివాను. సముద్రం మీద తప్పిపోయినవాళ్ళ కథలు, కరువు నవలలు, అడవుల్లో తిరిగినవాళ్ళ యాత్రలు. అక్కడ ఉప్పు రాయి కోసం జింకలు మైళ్ళు నడుస్తాయట. మా ముక్త్యాల దగ్గర తవ్వే సున్నపురాయి ఒకప్పుడు సముద్రం అడుగు అని ఒక భూగర్భ శాస్త్రం పుస్తకం చెప్పింది. ఆ రాయి బండికెత్తి నా వీపు వంగిందిగానీ ఒక్కరూ నాకా మాట చెప్పలేదు! ఆడవాళ్ళ నవలలు మగవాళ్ళకెందుకని ఒకాయన పక్క బల్ల మీంచి సలహా ఇచ్చాడు. ఆయన్ని పేపరు చూసుకోమన్నాను. ఒక నవలలో కొత్త కోడలు ఉప్పు లేని కూర కావాలనే వండుతుంది, అత్త మీద కోపంతో. నాకు అది బాగా నచ్చింది. కానీ నా పుస్తకం అది కాదు.

దొరకలేదు. దొరుకుతుందన్న ఆశ కూడా ఇప్పుడు పెద్దగా లేదు. కోపం మాత్రం ఉంది. పొయ్యిలో వేసినవాడి మీద ఎంతుందో, ఖచ్చర్ వాడికి ఇది చాలు, ముసలాడికి ఇది చాలు, ఆడదానికి ఇది చాలు అని పుస్తకం తెరవకముందే తేల్చేసేవాళ్ళ మీదా అంతే ఉంది. మీ ఇంట్లో అటకలుంటే ఎక్కి చూడండి. అట్ట లేనిది కనిపిస్తే పారేయకండి. ముందు చదవండి.

ఆ పొయ్యి నన్ను వదల్లేదు. మూత తీసినప్పుడు ఆపరేటర్, ఆ ఖమ్మం తమ్ముడు, నా పక్కనే టార్చి పట్టుకుని ఉన్నాడు. పుస్తకం కాలిపోయింది కానీ చెదరలేదు. నల్లటి రేకుల దొంతరలా ఉంది, కింది పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి. పై పేజీ మీద అక్షరాలు వెండిలా మెరుస్తున్నాయి. నలుపు మీద తెలుపు. మిగతా వరుసలు ముడుచుకుపోయాయి, ఒక్క చోట మాత్రం చదునుగా ఉంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ వేలు పట్టకుండా మొదటిసారి నేనే చదవబోతున్నాను. నాకు మనసులో చదవడం రాదు అప్పటికి, పైకే చదవాలి. ముఖం దగ్గరగా పెట్టాను. ఉకారం. పకారం, పవత్తు, కొమ్ము.

"ఉప్పు" అన్నాను. "లేక" అన్నాను.

ఆ ఊపిరికి పేజీ రాలిపోయింది.