కుర్చీ ఎనుక చెయ్యి

మా తమ్ముడు రామచందర్ కష్టపడి గెలిచిన మొదటి గెలుపు, నాందేడ్ కిరాణా సేటు ఇంటి కవలల ఫోటో. ఒకడు నవ్వితె ఇంకొకడు ఏడుస్తుండె. మూడు దినాలు తిరిగి, నాలుగోనాడు ఒకని చెవుల ఇంకొకనితోటి ముచ్చట చెప్పించిండు. ఇద్దరు ఒక్కసారే నవ్విండ్రు. ఆ ఫోటోకు జిల్లా పోటీల మొదటి బహుమతి అచ్చింది. నేను ఊరి బడిల ఏడో తరగతి దాంకనే సదివిన, అయినా గట్టిగ చెప్త: నలభై ఏండ్లు ఈ ఊర్ల పిల్లల ఫోటో అంటె మావోని స్టూడియోనే. అన్న చెల్లె మెడల చెయ్యేసినా, నానమ్మ నొసటి మీద ముద్దు పెట్టినా, ఒకరు చెప్తె చేసినట్టు ఉండకపోతుండె.

కూసోరాని పసిపిల్లలను పట్టుకునేటందుకు తల్లిని కుర్చీ ఎనుక కూసోవెట్టి, మీద నల్ల దుప్పటి కప్పుతుండె. ఫోటో కడిగినంక చెయ్యి కనవడే కింది అంచు పొట్ట కాడికి కత్తిరిస్తుండె. బిడ్డ ఒక్కతే కనవడాలెనని ఇంటి పెద్దలు అడుగుదురు.

మొన్న దసరా అయినంక బాబ్లీ నుంచి ప్రాచి అనే పిల్ల, తన పసితనం ఫోటో పట్టుకొని అచ్చింది. అది దిగిన ఆరు నెలలకే తల్లి వనమాల పోయిందట. ఇంట్ల ఆమె ఫోటో ఒక్కటి గూడ లేదు.

"కాకా, ఆ దినం నన్ను పట్టుకున్నది మా అమ్మేనా? నానమ్మేమో తనే అంటది" అని అడిగింది.

తమ్మునికి యాదికి రాలే. అటక మీది డబ్బాలన్ని దించి, తొమ్మిది దినాలు నెగటివులు ఎలుగుకు పట్టి చూసిండు.

"నువ్వే కత్తిరిస్తివి, నువ్వే దేవులాడుతున్నవ్" అన్న నేను.

"కాయితం కత్తిరించిన అన్నా, నెగటివ్ అట్లనే ఉంటది" అన్నడు.

దొరికింది. ముఖం దుప్పటి కిందనే ఉంది. పిల్ల పొట్ట చుట్టు మాత్రం ఒక చెయ్యి, వంకర చిటికెనవేలు. బొటనవేలు ఒక్కటే మసక. పిల్లను నిమురుతుంటె కదిలినట్టుంది. ఇన్నేండ్లు ఇసొంటి మసకలను ఖరాబైన అంచులనుకున్నడు మావోడు.

ఈసారి ఏం కత్తిరించకుండ పెద్దగ ప్రింటు తీసి, ప్రాచిని ఎంబడి తీస్కొని ఆ చెయ్యి ఎవరిదో అడుగుదామని ముఖేడ్‌ల ఆమె పెద్దమ్మ, వనమాల అక్క వత్సల ఇంటికి పోయిండు. నిన్న ఫోన్ చేసిండు. వత్సల ప్రింటు చూసుడుతోనే, "చిన్నప్పుడు మగ్గం అర్ర తలుపుల నలిగి వంకర పోయిన మా చెల్లె వేలు ఇదే" అన్నదట. ప్రాచి ఆ వేలు మీద తన వేలు పెట్టి శానాసేపు తియ్యలేదట.

వత్సల వాళ్లు ఇంకో రెండు దినాలు ఉండుమన్నరట. ఇక్కడేమో ఈ సంగతి తెల్సి, మా చెయ్యి గూడ దొరుకుతదా అని తల్లులు స్టూడియోకు అస్తున్నరు. తమ్ముడు సోమవారం, నవంబరు పదిహేడుకు అస్తడని అందరికి చెప్పిన.