బేబీ మీద తిరగబడిన బేబీ ఒళ్ళు

కోటబొమ్మాళిలో ఎవరింటి చూరుకి కందిరీగలు పట్టినా బేబీకి కబురెళ్ళేది. స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఆమెకో టిఫిన్ కొట్టు ఉంది. ఆమె ఇడ్లీల గురించి ఊళ్ళో రకరకాల అభిప్రాయాలుండేవి గాని, కందిరీగల దగ్గర మాత్రం ఆమెకి ఎదురు లేదు. కొంగు నడుంలో దోపి, చేతికి గోనెసంచి చుట్టుకుని, కొబ్బరిపీచుతో పొగ పెట్టి, తుట్టెని ఒక్క లాగు లాగేది. ఇందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పొగిడితే చాలు. ఎంతసేపు పొగడాలో మాత్రం ఆవిడే చెప్పేది.

నాలుగైదు కుట్టకుండా ఏ తుట్టే ఊడేది కాదు. కుట్టిన చోట కాస్త సున్నం రాసుకుని, "ఇన్నేళ్ళు కుట్టించుకున్నాను గదా, నా రత్తానికి ఇసం అలవాటైపోనాది. ఇంక నాగుపావు కరిసినా అదే సస్తాది" అనేది. పక్కన నిలబడ్డ మొగుడు థామస్ తలూపేవాడు. ఆదివారం ఆరాధనలో బాప్టిస్టు చర్చి కిటికీలు అదిరేలా పాడే మనిషి, ఇంట్లో మాత్రం తలూపడంతోనే కాపురం చేసుకొచ్చాడు.

పోయిన వర్షాకాలంలో చర్చి వెనక, బాప్తిస్మం ఇచ్చే తొట్టి మీది రేకుల కింద కందిరీగలు పెద్ద తుట్టె పెట్టాయి. వచ్చే ఆదివారం బాప్తిస్మాలున్నాయి. నీళ్ళలో మునిగిన వాళ్ళు మళ్ళీ తల పైకెత్తలేని పరిస్థితి. పాస్టరుగారి భార్య పద్మకుమారి స్వయంగా వచ్చి బేబీని పిలుచుకెళ్ళింది.

పొగ ఇంకా సరిగ్గా లేవనే లేదు. ఒకే ఒక్క కందిరీగ వచ్చి బేబీ మెడ మీద కుట్టింది. ఆవిడ దాన్ని దులిపేసి, నాగుపాము మాట ఎత్తుకుంది. సగంలో అరచేతులు గోక్కోవడం మొదలెట్టింది. ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. పెదాలు బూరెల్లా పొంగాయి. ఆఖరికి గొంతు బిగిసి మాట ఆగిపోయింది. బేబీ మాట ఆగడం ఆ ఊరు ఎప్పుడూ ఎరగదు. పద్మకుమారి కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంది. థామస్ ఆమెన్ దాకా ఆగకుండా పెళ్ళాన్ని ఎత్తి ఆటోలో పడేశాడు.

ఆస్పత్రిలో డాక్టర్ అనూరాధ చూస్తూనే తొడలో ఇంజక్షన్ పొడిచింది. కాసేపటికి ఊపిరి దారిన పడింది. గొంతు పెగలగానే బేబీ అడిగిన మొదటి మాట, "తుట్టె ఎవులు తీసినారు?"

"ఆ సంగతి తర్వాత. ముందు ఇది వినండి," అంది డాక్టరమ్మ. "కందిరీగ విషంలో కొన్ని ప్రొటీన్లుంటాయి. అవి పరాయివని మన ఒళ్ళు గుర్తుపడుతుంది. అలా గుర్తుపట్టించే వాటిని యాంటిజెన్లంటారు. వాటిని ఎదుర్కోడానికి ఒళ్ళు యాంటీబాడీలని తయారుచేసుకుంటుంది. మామూలుగా అది మన మేలుకే. టీకాలు పనిచేసేదీ అలాగే. కానీ మీ ఒంట్లో తయారైంది వేరే రకం. అది కొన్ని కణాలకి అంటుకుని కాపలా కూచుంది. ఇవాళ అదే విషం మళ్ళీ కనపడేసరికి ఆ కణాలన్నీ ఒక్కసారే లోపలున్న మందుగుండు కక్కేశాయి. గొంతు వాచింది, బీపీ పడిపోయింది. మిమ్మల్ని చంపబోయింది ఆ కాస్త విషం కాదు, మీ కాపలావాళ్ళే."

"అంటే దొంగొచ్చినాడని ఇంటికే అగ్గెట్టీసినారా?"

"అంతే."

"మరిన్నాళ్ళూ ఏటి సేసినారు? పడుకున్నారా?"

"ఎప్పుడు తిరగబడతాయో చెప్పలేం. కుట్టించుకున్నకొద్దీ అందరికీ అలవాటు కాదు. కొందరికి ఇలా ఎదురు తిరుగుతుంది. ఈసారి కుడితే ఇంకా ప్రమాదం."

బేబీ తన ఒంటిని తనే కిందామీదా చూసుకుంది. "ఎదవలు. నా తిండి తిని నా పీకే నొక్కుతారా!"

డాక్టరమ్మ ఇంజక్షన్ మందు, సిరంజి ఇచ్చి, ఎలా పొడవాలో థామస్‌కి నేర్పింది. అతను ఇంటికొచ్చి నీళ్ళతో బత్తాయిల మీద సాధన చేశాడు. వారం పాటు ఆ ఇంట్లో ఎవరూ బత్తాయి ముట్టుకోలేదు.

చావు తప్పినందుకు బేబీకి సంతోషమే. కాని కందిరీగల కబురొచ్చినప్పుడల్లా మోకాళ్ళ నొప్పని అబద్ధం చెప్పవలసి రావడం ఆవిడకి చావుకన్నా కష్టంగా ఉండేది. రాత్రిళ్ళు గోడవైపు తిరిగి పడుకునేది.

ఇలా ఉండగా బట్టలకొట్టు సూర్యారావు వచ్చాడు. అతని బోర్డు వెనక కందిరీగలు తుట్టె పెట్టాయట, బేరాలు రావడం లేదట. "నువ్వు తప్ప దిక్కు నేదు బేబమ్మా" అన్నాడు. ఆ మాటకి మోకాళ్ళ నొప్పి ఎగిరిపోయింది. గోనెసంచి అందుకుంది.

థామస్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు కదిలితే ఈ సూది ఇప్పుడే పొడిసీస్తాను," అన్నాడు, చర్చిలో పాడే గొంతుతో. సూర్యారావు రెండడుగులు వెనక్కేశాడు. "తుట్టె దగ్గిరికి నానెల్తాను," అన్నాడు థామస్.

బేబీ నవ్వింది. మొగుడు నవ్వలేదని గమనించి ఆపేసింది.

రోడ్డుకి అవతల సెల్‌ఫోన్ల షాపులో, అద్దం తలుపు వెనక బేబీని ఫోన్ చేతికిచ్చి కూచోబెట్టారు. థామస్ నిండుచేతుల చొక్కా తొడిగి, హెల్మెట్లో ఫోన్ ఇరికించుకుని నిచ్చెనెక్కాడు.

"మావా, కిందనించి పొగెట్టు. కింద! దాని ముందు పాటేటి పాడతన్నావు?"

"బయమేసినప్పుడు అదే వస్తాది."

"అయితే పాడు. సెయ్యి మాత్రం ఆపకు!"

మూడో చరణంలో తుట్టె ఊడింది. మణికట్టు మీద ఒకటి కుట్టింది. జనం చప్పట్లు కొడుతుంటే బేబీ వచ్చి, అతన్ని ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా తిన్నగా ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

"ఈయన కాపలావోళ్ళు కూడా నావోళ్ళలాటోళ్ళేనేటో సూడండి," అంది.

డాక్టరమ్మ చెయ్యి చూసి, ఉత్త వాపేనంది. ఆ తర్వాత బేబీవైపు తిరిగి, "అదే విషాన్ని కొంచెంకొంచెంగా ఎక్కించి ఒంటికి మచ్చిక చేసే వైద్యం పెద్ద ఊళ్ళలో ఎక్కడైనా దొరుకుతుందేమో, అడిగి చూస్తాను," అంది.

"కుట్టించుకోడానికి పెద్దూరెల్లాలా? ఇక్కడ కందిరీగలు నేవా?"

ఆటోలో ఆవిడ థామస్ వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూచుంది. ఇల్లు దగ్గరపడుతుండగా అడిగింది, "మావా, ఆ వైద్యానికి ఎప్పుడెల్దుం?"