అన్న కంటిలోని దారం

మొన్న కంటి డాక్టరమ్మ నా కుడికన్ను పరీక్షించి, లెన్సును పట్టి ఉంచాల్సిన లోపలి సంచి వదులైపోయిందని, కొత్త లెన్సుకు ఇరువైపులా ఉండే సన్నని తీగలను కంటి తెల్లగోడలోకే దూర్చి నిలబెడతామని, కుట్టు కూడా అక్కరలేదని చెప్పింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది గాని, నా మనసు పెద్దన్న దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మానాన్నలు పోయాక నన్ను పెంచింది అన్నే. బెంగళూరు పాతపేటలో పట్టుచీరలు నేసేవాడు, ఏకాదశి వస్తే మా వీధి భజన మందిరంలో పురాణం చదివేవాడు. చిన్నతనంలోనే మగ్గం దగ్గర దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది గనుక, ఆ చదువంతా రెండో కంటితోనే. దానికి శుక్లం తీసేటప్పుడు సంచి చిరిగి లెన్సు నిలవకపోతే, మళ్లీ పడుకోబెట్టి సన్నని దారంతో కంటిగోడకు కుట్టారు. ఆ కాలానికి అదే గొప్ప పద్ధతి. కట్టు విప్పిన రోజు అన్న నవ్వుతూ, "బతుకంతా దారం పట్టుకున్నోడికి స్వామి కంట్లో కూడా దారమే పెట్టినాడు చూడప్పా," అన్నాడు.

కొన్నాళ్లు తల వంచకూడదని, నుదుటికి ఏ తాకిడీ తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. అన్న ఇంట్లో ఆ మాట నిష్ఠగా పాటించాడు, చెప్పులు కూడా నాచేతే తొడిగించుకున్నాడు. ఆ గడువు తీరకముందే వచ్చిన ఏకాదశినాడు, చూపు మసకై మానేసిన ఎన్నో నెలల తరువాత, మళ్లీ పురాణం చదివాడు. ముగిశాక అందరితోపాటు సాష్టాంగపడబోతుంటే వదిన చెయ్యి పట్టుకుంది.

"డాక్టరు వంచొద్దనింది మనుషుల ముందర. స్వామి ముందర కూడానా? వదులు," అన్నాడు.

మా వాళ్లకు మొక్కడమంటే నుదురు బండకు తాకిన చప్పుడు వినబడాలి. అన్న అలాగే మొక్కి లేచి, "దీపమేంది, ఎర్రగా ఉండాది," అన్నాడు.

దారం తెగి లెన్సు జారింది, లోపల రక్తం చేరింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా చూపు రాలేదు. అన్న స్వామిని ఒక్కనాడూ నిందించలేదు, ప్రతి ఏకాదశికీ అదే చోట, అదే చప్పుడుతో మొక్కేవాడు. నేనూ నమ్మినవాణ్నే, స్వామి దయను శంకించను. అయినా ఆ చప్పుడు వినలేక బయటికి వెళ్లి నిలబడేవాణ్ని.

ఇప్పుడు మందిరంలో పురాణం స్పీకరులో వస్తుంది. పిల్లలు నిలబడే చేతులు జోడించి పనులకు పోతారు, వాళ్ల కళ్లు చల్లగా ఉండాలి. నాకు చూపు బాగా వస్తుందనే డాక్టరమ్మ అంటోంది. వస్తే ఒక్క ఏకాదశికైనా నేనే చదవాలని ఉంది. వినడానికి అన్న లేడు.