పోలండు పటానికి కుడికన్ను

వేసవి సెలవులు ఇచ్చిన వారంలోనే ఒకరోజు తెల్లవారకుండా నరసరావుపేట బస్టాండుకు చేరాను. చేతిలో రంగుల పెట్టె, చంకలో పక్కచుట్ట. మా స్కూల్లో లెక్కలు చెప్పే చిన్నప్ప మాస్టారు నా ప్రాణం తోడేస్తే పెట్టుకున్న ప్రయాణం ఇది. గురజాలకు లోపలగా ఉన్న ఆయన సొంత ఊళ్లో ఒక కేథలిక్ చర్చి ఉంది. దానికి పెద్ద, పోలండు దేశపు ఫాదరు ఒకాయన. ఆయన దగ్గర ఎప్పుడో మూడు వందల ఏళ్ల నాటి పటం ఒకటుంది. అందులో మనిషికి కుడికన్ను రాలిపోయింది. ఆ కన్ను నేను వేసి రావాలి.

డ్రాయింగు మాస్టరుకి కన్ను వెయ్యడం ఎంత పని అని మీరనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక గాని చిన్నప్ప మాస్టారు అసలు సంగతి బయటపెట్టలేదు. అది చచ్చిపోయిన మనిషి పటమట. అంత్యక్రియల నాడు శవపేటిక తలవైపున మేకులతో కొట్టడానికని రేకు మీద వేయించిందట. పూడ్చేముందు ఊడదీసి దాచుకుంటారట. నేను పుట్టు పిరికివాణ్ణి. వీధిలో శవం వెళుతుంటే తలుపు గడియ పెట్టుకునే రకం. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లక బయలుదేరానే తప్ప ధైర్యం ఉండి కాదు.

పిడుగురాళ్ల బస్సు ఏడు దాటాక కదిలింది. కోటప్పకొండ కనిపించినంతసేపూ వెనక్కి తిరిగి దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను. నకరికల్లు దగ్గర ఇంజను వేడెక్కిందని బస్సు ఆపి నీళ్లు పోశారు. అందరూ దిగి చెట్టు నీడన టీలు తాగారు. పిడుగురాళ్లలో దిగేసరికి సున్నపు బట్టీల పొగ కళ్లలో పడింది. అక్కడి నుంచి మాచర్ల పాసింజరు ఎక్కాలి. వేసవిలో వెళ్లేవాళ్లు మంచినీళ్ల చెంబు మరిచిపోకండి. స్టేషన్లో కుండ ఉంది గాని అందులో నీళ్లుండవు.

రైల్లో సగం పెట్టె నాగార్జునసాగరం పనికి పోయే కూలీలే. నా ఎదురుగా చంటిపిల్లతో ఒక ఆమె కూర్చుంది.

"పెట్టెలో ఏందయ్యా?" అంది.

"రంగులమ్మా. బొమ్మలేస్తాను."

"ఏం బొమ్మలు? దేవుడియ్యా?"

అవునంటే పోయేది. నోరు జారి, చచ్చిపోయినాయన బొమ్మ అని చెప్పాను. ఆమె పిల్లని నాకు దూరంగా అవతలి తొడ మీదికి లాక్కుంది. "మేం డ్యాం పనికి పోతన్నాం. పేల్చిన రాళ్లు యాడ పడతయ్యో తెలవదు. పొద్దుగాల్నే అయ్యేం మాటలయ్యా?" అని మొహం కిటికీ వైపు తిప్పుకుంది. గురజాల వచ్చేదాకా మళ్లీ నా వంక చూడలేదు. నా బెంచీ మీద చోటున్నా ఎవరూ కూర్చోలేదు.

గురజాలలో పూటకూళ్లమ్మ పెట్టిన గోంగూర కారం నాలుక మీద ఉండగానే ఎడ్లబండి దొరికింది. బండి తోలే ఏసోబుది ఆ ఊరే. ఫలానా పని మీద వస్తున్నానని చెప్పాను. అతను ఎద్దుల తోకలు చూస్తూ అన్నాడు.

"ఫాదరుగారికి నెల బట్టి జొరం. పటం కన్ను ఊడినకాడ్నించే. ఇప్పుడు నువ్వు కన్ను పెడతావు. ఆ పటంలో ఆయన కొత్త కంటితో ముందుగా ఎవుర్ని చూస్తాడు? ఫాదరుగార్నే గదా."

"చూస్తే ఏమవుతుంది?"

"ఏమవుద్దో నాకు తెలవదు మేస్టరూ. ఆయనకి ఏమన్నా అయితే మాత్రం ఊరు ఊరుకోదు. ముందే చెప్తన్నా."

సాయంత్రం తిరుగు బండి ఉందా అని అడిగాను. ఉందిగాని తన ఎద్దులు ఇవాళ ఇంక కదలవన్నాడు. దారి పొడుగునా నాపరాళ్ల గోడలు, ఎండిన మిరపచేలు, మండే గాలి. కృష్ణ కాలవలు వస్తే ఈ నేలంతా పచ్చబడుతుందని అంటున్నారు. నాకు ఆ పూట పచ్చదనం మీద ధ్యాస లేదు.

ఫాదరుగారు వరండాలో పేము కుర్చీలో ఉన్నారు. తెల్లటి అంగీ లోపల మనిషి ఉన్నాడా అన్నంత చిక్కిపోయారు. ఆయన తెలుగు ఆ ఊరివాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. "ఏంది మేస్టరూ, ఎండలో చానా అవస్థ పడ్డారా?" అని పలకరిస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపలి గదిలోకి తీసుకెళ్లి పటం చూపించారు.

చేటంత రేకు. ఆరు మూలలున్నాయి. అందులో మనిషిని చూసి నేను నిజంగా తుళ్లిపడ్డాను. గుండు కొట్టించుకుని నడినెత్తిన పిలక ఉంచుకున్నాడు. మెలితిప్పిన మీసం, ఎర్ర అంగరఖా, నడుముకి పట్టు కట్టు. ఫాదరుగారి పూర్వీకుడట. పోలండులో ఆ రోజుల్లో జమీందార్లు అలాగే ఉండేవాళ్లట. నా కంటికి మాత్రం అచ్చం పల్నాటి మోతుబరి. ఊరివాళ్లకీ అలాగే అనిపించింది. ఈ పటం గోడకెక్కిన కొత్తలో, పల్నాటి యుద్ధంలో పోయిన కారెంపూడి వీరుల్లో ఎవరో ఒకరని, చర్చికి రానివాళ్లు కూడా వచ్చి నిమ్మకాయలు పెట్టి వెళ్లేవారట. ఫాదరుగారు ఎవర్నీ వద్దనలేదు. ఈ వేసవి వేడికి రేకు సాగి రంగు పెచ్చులూడింది. కుడికన్ను ఉండవలసిన చోట తుప్పు మచ్చ ఉంది. ఎడమకన్ను మాత్రం చెక్కుచెదరలేదు. గదిలో ఏ మూలకు పోయినా అది నన్నే చూస్తోంది. ఏం తప్పు చేశావని నిలదీసే చూపు అది.

పొద్దు వాలాక ఫాదరుగారు ఆ పటం వేసినవాడి కథ చెప్పారు. ఫాదరుగారి వంశంలో తాత నుంచి మనవడికి వచ్చిన కథ.

క్రాకోవు నగరంలో రేకు పనివాడి కొడుకట. చిన్నతనంలోనే ఒక చిత్రకారుడి దగ్గర చేరి ఏళ్ల తరబడి రంగులు నూరాడు. చర్చిల్లో బలిపీఠాల మీద దేవదూతల్ని వెయ్యాలని అతని కోరిక. చేతికి పని వచ్చేవేళకి ఊళ్లోకి మహమ్మారి వచ్చింది. గొప్పింటివాళ్లు కూడా ఈగల్లా రాలిపోయారు. ఒక వ్యాపారి శవపేటికకి ఇతను వేసిన రేకు చూసి, మొగుడు లేచి వచ్చాడని పెళ్లాం మూర్ఛపోయిందట. అంతటితో అతని గీత మారిపోయింది. దేవదూతల పని ఎవరూ ఇవ్వలేదు. చావు వచ్చిన ఇంటి నుంచే కబురొచ్చేది. పెట్టె పట్టుకుని వీధిలో నడుస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. పిల్లనిచ్చేవాడు లేక శవపేటికలు చేసే వడ్రంగి కూతుర్ని చేసుకున్నాడు. తాను వేసిన ఏ రేకు మీదా పేరు రాసుకోలేదు. రాస్తే అది తన పేటికకే వస్తుందని భయమట.

"రెండోసారి మహమ్మారి వచ్చినప్పుడు అతనూ పోయాడు. అతని రేకు ఎవురూ వెయ్యలేదు," అన్నారు ఫాదరుగారు.

రైల్లో పిల్లని పక్కకి లాక్కున్న ఆమె గుర్తొచ్చింది.

"అతనికొక పద్ధతుండేది మేస్టరూ. కళ్లు చివరన వేసేవాడు. వేసేటప్పుడు ఆ ఇంటిమనిషి ఒకరు ఎదురుగా కూర్చోవాల. చచ్చినాయన తనవాళ్లను చూస్తన్నట్టు ఉండాల గదా. ఎవురూ ధైర్యం చెయ్యకపోతే పనిమనిషిని కూర్చోబెట్టేవాళ్లంట. రేపు నేను కూర్చుంటా."

మర్నాడు పొద్దున నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే, ఫాదరుగారికి వండిపెట్టే మరియమ్మ బిందె దించి నా ఎదుట నిలబడింది. యాభై దాటిన మనిషి.

"మేస్టరుగారా, కన్ను పెట్టబాకండి. ఆయన ఈ జొరానికి తట్టుకుంటన్నాడు. దానికి తట్టుకోలేడు."

"అవన్నీ నమ్మకాలమ్మా," అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

"మా నాయన పోలేరమ్మ బొమ్మలు చెక్కేవోడు. కన్ను తెరిచేనాడు ఎదురుగా అద్దం పెట్టి తను పక్కన నిలబడేవోడు. మొదటి చూపు మనిషి మీద పడకూడదయ్యా."

"నువ్వు ఇప్పుడు చర్చికి వెళతావు కదా?"

"దేవుణ్ణి నమ్ముకున్నాగాని, భయం యాడికి పోద్ది?"

నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్లి, అద్దం పెట్టి పని కానిద్దామని ఫాదరుగారికి చెప్పాను. ఆయన తల అడ్డంగా తిప్పారు.

"అద్దం పెడితే తన్ను తనే చూసుకుంటాడు. ఈయన తరతరాలుగా మా ఇంటోళ్లని చూస్తన్నాడు. యుద్ధంలో ఇల్లు కాలింది. అన్నదమ్ములు పోయారు. ఈ రేకు అప్పటికే నాతో ఇక్కడికి వచ్చింది గనక మిగిలింది. ఇంటిమనిషిని ఇంక నేనొక్కణ్ణే. పోయేలోపల ఒక్కసారి ఈయన నన్ను రెండు కళ్లతో చూడాల మేస్టరూ."

తుప్పు గీకి, రేకు తుడిచి, అడుగు రంగు పూసి ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది. ఫాదరుగారికి జ్వరం పెరిగింది. కాసేపు నడుం వాల్చి వస్తానని పక్క గదిలోకి వెళ్లి నిద్రలోకి జారిపోయారు. పటానికి ఎదురుగా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీ బయట ఏసోబు, మరో నలుగురు మగాళ్లు గోడ నీడన ఊరికే కూర్చుని ఉన్నారు. ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. రంగులు సర్దేసి, చెయ్యి పడటం లేదని చెప్పి పారిపోదామనుకున్నాను. కుంచె కడగబోతున్నాను కూడా.

మరియమ్మ చేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తిన్నగా పోయి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఇదేంటమ్మా, లే!"

"మీరు కానియ్యండి. ఆయన లేచి వచ్చేలోపల అయిపోవాల. ఆ మొదటి చూపేదో నామీద పడనియ్యండి."

"నీకు భయం లేదా?"

"ఉంది. ఉండబట్టే కూసున్నా. ఆయన్ని కూసోనిస్తానా?"

ఇంక నాకు తప్పించుకునే దారి లేకపోయింది. ఆమె వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్లో ముడిచి, రెప్ప వెయ్యకుండా పటాన్నే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి గాని జపం బయటికి వినబడటం లేదు. నేను కనుపాప గీశాను. గోధుమ రంగు నింపాను. చెమట కుంచె మీదికి కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాను. ఒక్కో గీతకీ ఆమె వైపు తిరిగి చూశాను, ఆమెకేమీ కాలేదు కదా అని. ఆమె మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనిపిస్తూనే ఉంది. చివరికి పాపలో తెల్లటి చుక్క పెట్టాలి. ఆ చుక్క పడితేనే చూపు వస్తుంది. కుంచె తెల్లరంగులో ముంచి మళ్లీ ఆమె వైపు చూశాను.

"పెట్టండయ్యా," అంది మరియమ్మ.

పెట్టి పక్కకి తప్పుకున్నాను. ఆమె ఆ కంటిలోకి చాలాసేపు చూసింది. ఆమె మొహంలో బిగువు కొంచెం కొంచెంగా సడలింది.

"ఏందయ్యా మేస్టరూ, ఈ కన్ను నాకంటే ఎక్కువ భయపడతా ఉంది!"

వెళ్లి చూశాను. నిజమే. ఎడమకన్ను నిలదీస్తోంది. నేను వేసిన కుడికన్ను వణికిపోతోంది. మూడు వందల ఏళ్ల పనిని పాడు చేశానని తల తిరిగిపోయింది. తుడిచేద్దామని గుడ్డ అందుకున్నాను.

"తుడవొద్దు."

గుమ్మం పట్టుకుని ఫాదరుగారు నిలబడి ఉన్నారు. ముందు మరియమ్మ మీద కేకలేశారు. "ఆ కుర్చీ నాది మరియమ్మా! ఎవురు కూర్చోమన్నారు?"

"తప్పయితే తిట్టండి. పొయ్యి మీద గంజి ఉంది," అని ఆమె లేచి వెళ్లిపోయింది.

ఫాదరుగారు పటాన్ని తేరిపార చూశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నప్పుడు ఇంట్లో పిల్లకాయలమంతా ఈయనంటే హడలిపోయేవాళ్లం. ఈయనకి కూడా భయమేసుంటదని మాకు ఎవురూ చెప్పలేదు," అన్నారు.

కిటికీ బయటి మగాళ్లు ఎప్పుడు లేచిపోయారో తెలియదు. ఆ రాత్రి నేను కంటిమీద కునుకు లేకుండా పడుకున్నాను. తెల్లవారుతుండగా వంటింట్లో అంట్ల చప్పుడు, పొయ్యి ఊదుతున్న మరియమ్మ దగ్గు వినబడ్డాక గాని నా ప్రాణం కుదుటపడలేదు. ఫాదరుగారి జ్వరం తగ్గలేదు, పెరగనూ లేదు. ఆయన జావ తాగి నన్ను బండి దాకా సాగనంపారు. ఏసోబు గురజాల వరకూ నాతో పంటల కబుర్లు తప్ప మరో మాట ఎత్తలేదు.

ఆ పటం చూడాలనుకునేవాళ్లు గురజాలలో దిగి, ఎడ్లబండి వాళ్లని పోలండు ఫాదరుగారి ఊరని అడిగితే చాలు, తీసుకెళతారు. జనం ఎగబడతారని ఊరి పేరు రాయవద్దని ఆయన కోరారు. పటం ముందు నిలబడి చూస్తే ఎడమకన్ను మిమ్మల్నే చూస్తుంది. కుడికన్ను చూడదు. దాని చూపు కొంచెం కిందికి ఉంటుంది. పిడుగురాళ్ల నుంచి బస్సులో వస్తుండగా నాకు ఆ సంగతి తట్టింది. కుర్చీలో కూర్చున్న మరియమ్మ ఎత్తుకి పడింది ఆ చూపు. నేను ఆ గంటసేపూ ఒక్కసారి కూడా నా గురించి భయపడలేదు. ఊరివాళ్లు కొడతారేమోనన్న మాటే మరిచిపోయాను. నలభై ఏళ్లుగా నాకేమవుతుందో అని వణుకుతూ బతికిన నేను, ఇంకొక మనిషికి ఏమవుతుందో అని మొదటిసారి వణికాను. ఆ కంట్లో ఉన్నది అదే. వెళ్లినవాళ్లు ఒక్క నిమిషం ఆ కుర్చీలో కూర్చుని చూడండి.