నాలుగో నంబరు, అయిపోయింది

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను సూర్యాపేటకు సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా వేశారు. ఆసుపత్రి పరికరాలు మరమ్మతు చేసే ప్రైవేటు కంపెనీ మాది. పేరు ఇక్కడ అనవసరం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోని నర్సింగ్ హోముల్లో ఏ మానిటర్ మూగబోయినా, ఏ ఆక్సిజన్ మిషన్ మొరాయించినా నేనే వెళ్లాలి. రిటైర్మెంటు దగ్గర పడింది కదా, ఉన్న పని చేసుకుంటూ పోదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా హైదరాబాదు మేనేజరుకు సొంతంగా ఒక పరికరం కనిపెట్టాలన్న బుద్ధి పుట్టింది.

ఆలోచన మంచిదే, కాదనను. సెలైన్ సీసా ఖాళీ అయ్యాక ఎవరూ చూసుకోకపోతే రోగి రక్తం ట్యూబులోకి ఎగదన్ని గడ్డకడుతుంది. చేతికి పెట్టిన సూది మూసుకుపోతుంది, మళ్లీ ఇంకోచోట గుచ్చాలి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి మందును ఆ సీసాలోనే కలిపి ఎక్కిస్తారు. అలాంటప్పుడు సీసా ఖాళీ అయిందంటే మందు ఆగినట్టే, తల్లి ప్రాణం మీదికి వస్తుంది. కొలత తప్పకుండా ఎక్కించే పంపులున్నాయి గానీ చిన్న నర్సింగ్ హోములు వాటిని ప్రతి మంచానికీ కొనలేవు. ఒక్క నర్సే వార్డంతా చూసుకోవాలి. అందుకని సీసా మీద కన్నేసి ఉంచే బాధ్యత మంచం పక్కన కూర్చున్న బంధువుది. ఆమె కునుకు తీస్తే ఇక అంతే సంగతులు.

నేను చేసింది చాలా మామూలు పరికరం. స్టాండుకూ సీసాకూ మధ్య వేలాడే కొక్కెం, అందులో ఒక స్ప్రింగు. సీసా తేలికయ్యే కొద్దీ స్ప్రింగు పైకి లేస్తుంది, అడుగున కొంచెం మందు ఉండగానే బజరు మోగుతుంది. మా బల్ల మీద చక్కగా పనిచేసింది. కోదాడ తీసుకెళ్లాను.

అక్కడ బజరు మోగగానే వార్డులో అందరూ జేబులు తడుముకున్నారు. "ఎవరిదండీ ఆ ఫోను, ఎత్తండి బాబూ, పేషెంట్లు పడుకున్నారిక్కడ!" అని ఒక పెద్దాయన కసిరాడు. ఇంకో మంచం దగ్గర అసలు మోగనే లేదు. వెళ్లి చూస్తే ఏముంది, సీసాతో పాటు అదే కొక్కేనికి టిఫిన్ సంచీ కూడా తగిలించారు. సీసా ఖాళీ అయినా సాంబారు బరువుకు స్ప్రింగు లేవలేదు. "కొక్కెం ఖాళీగా ఉంది కదండీ, తగిలించాం" అన్నారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. సీసా రింగు తప్ప ఇంకేదీ పట్టకుండా కొక్కెం మూతి ఇరుకు చేశాను.

బజరుకు బదులు మాట పెడదామన్నాడు మేనేజరు. "మందు అయిపోవస్తోంది, సీసా మార్చాలి, నర్సును పిలవండి" అని రాసిచ్చాను. చిప్పులో అంత పొడుగు పట్టదని దాన్ని కుదించేసి, ముందు మంచం నంబరు తగిలించి, గంభీరమైన గొంతున్న ఎవరో ఒకాయన చేత చదివించి పంపాడు. విన్నాను. "నాలుగో నంబరు. అయిపోయింది." అంతే. సీసా లేదు, నర్సు లేదు. ఆసుపత్రిలో ఆ మాట ఎప్పుడంటారో తెలుసా అని ఫోన్లో మొత్తుకున్నాను. "అయిపోయింది అంటే అయిపోయిందనే కదా, మీకు అన్నిటికీ పేచీయే" అన్నాడు. మిర్యాలగూడలో ట్రయల్ ఖరారైందట, ఇక మార్చడానికి వీల్లేదట.

మిర్యాలగూడలో ప్రసూతి వార్డు ఇచ్చారు. నాలుగో మంచం మీద నిడమనూరు అమ్మాయి. పొద్దున కాన్పయింది, రక్తస్రావం ఎక్కువగా ఉందని మందు ఎక్కిస్తున్నారు. మొహం పాలిపోయి నిద్రపోతోంది. పక్కన వాళ్లమ్మ, ఒళ్లో మనవరాలితో. నేను తలుపు దగ్గర హెడ్ నర్సుకు ఇంకో కొక్కెం బిగింపు చూపిస్తున్నాను. ఇంతలో వార్డంతా వినబడేలా ఆ గొంతు పలికింది: "నాలుగో నంబరు. అయిపోయింది."

ఆ తల్లి సీసా వైపు చూడలేదు. కూతురి మొహం వైపు చూసింది.

"అయ్యో నా బిడ్డా! నన్నిడిసిపెట్టి పోయినవా బిడ్డా!"

ఇక చూడాలి. చుట్టుపక్కల మంచాల బంధువులంతా లేచి ఆ మంచాన్ని కమ్మేశారు. ఒకామె పసిపాపను అందుకుంది, మిగతావాళ్లు ఏడుపు అందుకున్నారు. "సీసా చూడండి, సీసా!" అని నేను అరుస్తున్నా వినే నాథుడు లేడు. లోపలికి దూరబోతే, "జర ఆగు సారూ, గాడ పానం పోయింది" అని ఒకాయన నన్నే వెనక్కి నెట్టాడు. ఆ గొంతేమో ఆగకుండా అయిపోయింది, అయిపోయింది అంటూనే ఉంది. అన్న ప్రతిసారీ ఏడుపు పెరిగింది. ఈ గోలకు ఆ అమ్మాయి కళ్లు తెరిచి, "ఏమైందే అమ్మా, గట్ల ఏడుస్తున్నవ్?" అంది నీరసంగా. అప్పటికి సీసా నిజంగానే ఖాళీ.

హెడ్ నర్సు మోచేతులతో దారి చేసుకుని వెళ్లి సీసా మార్చింది. దుప్పటి తీస్తే పక్కంతా తడిసి ఉంది. రక్తస్రావం మళ్లీ మొదలైంది. డాక్టరమ్మ పరుగున వచ్చి అందర్నీ బయటికి పంపి తలుపులు వేయించింది. బయట ఒకే బెంచీ మీద నేనూ ఆ తల్లీ కూర్చున్నాం. చాలాసేపటికి డాక్టరమ్మ తలుపు తీసి, "నీ బిడ్డ మంచిగున్నదమ్మా" అంది. రక్తం ఆగిందన్న మాట ఆ తర్వాతే చెప్పింది.

అప్పుడా తల్లి నా వైపు తిరిగింది. "నువ్వేనా సారూ గా మిషన్ పెట్టింది? సీసా ఒడిసింది అంటే నేనే ఉరికి సిస్టర్‌ను పిలుస్తుంటి గద! దవాఖాన్ల ఎవ్వరన్న గట్లంటరా?"

సాయంత్రం మేనేజరు ఫోను. అలారం మోగిందా అని అడిగాడు. మోగిందన్నాను. అయితే ట్రయల్ సక్సెస్ అని రాసెయ్యండి అన్నాడు. జీవితంలో మొదటిసారి పై అధికారి మాట్లాడుతుండగా ఫోను పెట్టేశాను.

ఆ స్ప్రింగును ఎన్నిసార్లు సాగదీసి చూశామో లెక్కలేదు. మాటను మాత్రం ఒక్క రోగి బంధువుకైనా వినిపించి చూడలేదు. పరికరంలో స్ప్రింగు ఎంత భాగమో మాటా అంతే భాగం. దాన్నీ అలాగే పరీక్షించాలి. మేనేజరును అడగకుండా హెడ్ నర్సు చేతనే, ఆమె వార్డులో కేకేసే గొంతుతోనే చెప్పించాను: "సీసా మార్చాలె, సిస్టర్‌ను పిలువుండ్రి." అది చిప్పులో సుబ్బరంగా పట్టింది. మళ్లీ వార్డులో పెట్టి చూస్తే, ఆ మాట వినగానే బంధువులు రోగి మొహం వైపు కాక సీసా వైపు చూశారు. పరికరం పనిచేసిందని నేను సంతకం పెట్టింది అప్పుడే.